చక్కెరను తెల్లబరిచే నాచు

మదనపల్లె వెళ్లొచ్చానంటే చాలు, అందరూ హార్స్‌లీ కొండ ఎలా ఉందని అడుగుతున్నారు. నేను కొండ ఎక్కలేదు. వారం రోజులూ చెరువుల్లోకి వంగి చూస్తూ గడిపాను. ఆ మాట చెప్పగానే మా చెల్లెలు నెత్తి కొట్టుకుంది. "అంత దూరం పోయి నాచు చూసొచ్చావా? మన కాలవలో లేకనా?" అంది.

ఉంది. మా తెనాలి కాలవల్లో కావలసినంత ఉంది. ఏటా కూలీలు లాగి గట్టు మీద పోస్తే, ఎండి కంపు కొడుతుంది. నేను వెతికిన మొక్క పేరు వాలిస్నేరియా. రిబ్బన్లలా పొడవాటి ఆకులు, నీటి అడుగున బురదలో వేళ్లు. బతుకంతా నీళ్లలోనే, పెళ్లి మాత్రం నీటి పైన. ఆడమొక్క తన పువ్వును సన్నటి పొడుగు కాడ మీద పైకి పంపిస్తుంది. మగమొక్క పూలు మరీ చిన్నవి, అడుగునే తెగిపోయి బుడగల్లా పైకొచ్చి, తేలుతూ తేలుతూ ఆడపువ్వును చేరతాయి. ఆ పని అయిపోయాక ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుని, కాయను మళ్లీ అడుగుకు లాక్కుంటుంది.

డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. ప్రతి ఏడూ ఒక క్లాసు దీనిది. రంగు సుద్దలతో బోర్డు మీద బొమ్మ వేసేదాన్ని, పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. ఒక ఏడు ఒక పిల్ల లేచి "మేడం, మీరు చూశారా?" అని అడిగింది. "చూశాను" అన్నాను. పచ్చి అబద్ధం. మా కాలవల్లో అన్నీ ఆడమొక్కలే. ఒక మొక్క నుంచి పిలకలు సాగి, ఆ పిలకల నుంచి మళ్లీ పిలకలు, అంతా ఒకే వంశం. మగపువ్వు నాకు బొమ్మల్లో తప్ప తెలియదు. రిటైరయ్యాక ఆ అబద్ధం అప్పుడప్పుడూ పంటికింద రాయిలా తగిలేది.

నా పాత విద్యార్థిని హేమలత అంగళ్లులో ఒక కాలేజీలో పనిచేస్తోంది. సొంతూరు తంబళ్లపల్లె వైపు. ఆ పిల్ల ఫోన్ చేసి, "మేడం, మా కాలేజీ దగ్గర చెరువులో మీ రిబ్బన్ మొక్క ఉండాది, రండి" అంది. మాఘమాసంలో సంచీ సర్దుకుని బయలుదేరాను.

అంగళ్లు

తెల్లారి మదనపల్లెలో దిగితే చలికి పళ్లు టకటకలాడాయి. మా వైపు మాఘం అంటే పొద్దున రెండు గంటలు శాలువా, ఆ తర్వాత ఫ్యాను. ఇక్కడ పది గంటలకూ స్వెట్టర్లు తీయరు. మార్కెట్ వైపు వెళ్తే ఎటు చూసినా టమోటా పెట్టెలు. కొన్నవాడూ తిట్టుకుంటున్నాడు, అమ్మినవాడూ తిట్టుకుంటున్నాడు. రోడ్డు పక్క కాకా హోటల్లో రెండు దోసెలు, కాఫీ కలిపి అరవై రూపాయలు. చట్నీ చెనిక్కాయలది, అంటే మా వేరుశనగ. కారం చూసి మా గుంటూరుజిల్లా వాళ్లమే కారం తింటామనే పొగరు కాస్త తగ్గింది.

హేమలత నన్ను స్కూటీ మీద ఎక్కించుకుని చెరువుకు తీసుకెళ్లింది. నేను చీర ఎగదోపి దిగాను. గుప్పెడు నాచు పైకి లాగి చూస్తే కాడ చుట్టూ చిన్న చిన్న ఆకులు, అంచులు గరుకుగా ఉన్నాయి. హైడ్రిల్లా. నీళ్లున్న ప్రతి గుంటలోనూ దొరికేది.

"హేమా, ఇది నీకు రిబ్బన్‌లా కనపడిందా?"

"ఒడ్డు మీంద నుంచి సూసినా మేడం. పచ్చగా ఉండె..." అని నాలుక కరుచుకుంది. ఆ పిల్లకు కోపమొచ్చినా, భయమేసినా ఇంటి భాష వచ్చేస్తుంది.

"ఒడ్డు మీద నుంచి చూసి మొక్కను గుర్తుపట్టమని నీకు ఎవరు చెప్పారు? నేనా?"

తిడుతూనే ఒడ్డు ఎక్కబోతే కుడికాలి చెప్పు బురదలో ఉండిపోయింది. ఇద్దరం కట్టెతో కెలికినా దొరకలేదు. చివరికి ఆ చెరువుకు ఒక చెప్పు సమర్పించి, గుర్తుకు కాస్త హైడ్రిల్లా నీళ్ల సీసాలో వేసుకుని, ఒంటికాలి చెప్పుతో మదనపల్లె చెప్పుల షాపుకు వచ్చాను. ఆ రాత్రి హేమలత రాగిసంగటి, ఉలవచారు చేసిపెట్టింది. సంగటిని నమలకూడదు, మింగాలి అని నాకు నేర్పడానికే అరగంట పట్టింది. నాలుగో ముద్దకు కోపం పోయింది.

పుంగనూరు దారి

రెండో రోజు ఆదివారం. పుంగనూరు వైపు చెరువులు చూద్దామని బయలుదేరాం. దారిలో ఒక ఇంటి ముందు పుంగనూరు ఆవు కట్టేసి ఉంది. ఫొటోల్లో చూసి దూడ అనుకునేదాన్ని, పక్కన నిలబడితే నా నడుము దగ్గరికే వచ్చింది. దాని యజమాని, పలకరించకముందే "అమ్మేది లేదమ్మా" అన్నాడు. దారిన పోయే ప్రతివాడూ అడుగుతాడు కాబోలు.

మూడు చెరువులు చూశాం. రెండింట్లో నీళ్లు లేవు. మూడోదాన్ని చేపలకు లీజుకిచ్చారట, నీళ్లు ఎర్రగా, అడుగు కనపడకుండా ఉన్నాయి. గడ్డిచేప వేస్తే నాచన్నది మిగలదు. విసుగొచ్చి, చెరకురసం దొరుకుతుందని ఒక బెల్లం గానుగ దగ్గర ఆగాం.

తాటాకు పాక. మధ్యలో పెద్ద పెనం, కింద చెరకు పిప్పి మంట, పెనంలో రసం తుకతుక ఉడుకుతోంది. పొడుగాటి గరిటెతో మడ్డి తీస్తున్న ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. పేరు రెడ్డెమ్మ. గానుగ ఆవిడదే, భర్త లోడుతో మండీకి పోయాడు. పాక మూల నులకమంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆవిడ తండ్రి, మునెప్ప. ఎనభై దాటిన మనిషి. నా సంచీలోంచి తొంగిచూస్తున్న సీసా వైపు వేలు చూపించాడు.

"ఏందమ్మా ఆ సీసాలో? ముల్లునాచా?"

నాకు ఆశ్చర్యమేసింది. "మీకెలా తెలుసండీ?"

"తెలీకేం. అది పనికిరాని నాచు. పనికొచ్చేది వేరే ఉండాది. ఆకు బారుగా ఇంత పొడుగు, జడకుచ్చు తాడు మాదిరి మెత్తగా ఉంటాది. మేము చక్కెరనాచు అంటాము."

"నాచుకూ చక్కెరకూ సంబంధం ఏమిటి?"

రెడ్డెమ్మ పెనం దగ్గర నుంచే కేకేసింది. "అడగొద్దు మేడం! మొదలుపెట్టినాడంటే పొద్దుగూకే దాకా నిలపడు!"

అడిగాను. ఆయన చెప్పాడు, చేతులతో చూపిస్తూ. చిన్నప్పుడు వాళ్ల నాయన చెరకుపాకాన్ని గట్టిపడకుండా కాస్త ముందే దించి కుండల్లో పోసేవాడు. కొన్నాళ్లకు అందులో చక్కెర పలుకులు పలుకులుగా రవ్వ కట్టేది. దాన్ని గుడ్డ పరిచిన గంపలోకి ఒంపి, గంప కింద కుండ పెట్టి, పైన తడి నాచు జానెడు మందాన కప్పేవాడు. నాచులోని తడి కొద్దికొద్దిగా కిందికి దిగుతూ, రవ్వకు పట్టిన నల్లటి మడ్డిని కడుక్కుంటూ పోయి కుండలో చుక్కలు చుక్కలుగా పడేది. నాచు ఎత్తి చూస్తే పైన తెల్లటి చక్కెర.

"తడిగుడ్డ కప్పితే కాదా?" అన్నాను.

"కప్పి సూడు! గుడ్డ నీళ్లంతా ఒక్కసారి ఇడిసేస్తాది. చక్కెర కరిగి కుండలోకి పోతాది. నాచు అట్ల కాదు. అది బతికుంటాది కదా, నిదానంగా ఇడుస్తాది."

నేను చాలా వృక్షశాస్త్రం చదివాను గానీ, నాచుకు ఈ ఉద్యోగం ఉందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

ఇంతలో హేమలతకూ నాకూ కాఫీలు వచ్చాయి. ముసలాయనకూ ఒక గ్లాసు వచ్చింది. మా కాఫీల్లో బెల్లం వేశారు, ఆయనది చేదు కాఫీ. షుగరు జబ్బేమో అనుకుని, "మీకు తీపి పడదా?" అన్నాను.

ఆయన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. రెడ్డెమ్మే గరిటె పక్కన పెట్టి వచ్చింది. "పడకేం మేడం, రాయి తిన్నా అరుగుతాది. నా బెల్లం తినడు. రెండేండ్లాయ. సొంత కూతురి పెనంలో బెల్లం నోట్లో పెట్టుకోడు. ఊర్లో అందరికీ తెల్సు. నాకు తలకాయ యాడ పెట్టుకోవాల్నో తెలీదు."

"పొడి ఏస్తాది," అన్నాడాయన నేల చూస్తూ.

పొడి అంటే బెల్లాన్ని తెల్లబరిచే మందు, ఒంటికి మంచిది కాదు. పొయ్యి పక్కన రేకుడబ్బాలో ఉంది. మూత తీస్తే ముక్కు మండింది.

"నల్లబెల్లం తీస్కపోతే మండీలో ఎనిక్కి పంపిస్తారు మేడం. కొనేటోనికి తెల్లగా కావల్ల. నాకేమన్నా ఆశా, ఈ మందు ఎయ్యాలని?" రెడ్డెమ్మ గొంతు లేచింది. "ఈయన జూస్తే ఒకటే పాట. మా నాయన పొడి లేకుండా తెల్లగా చేసినాడు, మా నాయన పొడి లేకుండా తెల్లగా చేసినాడు! చేసి సూపించమను. నాచుతో తెల్లగా అయ్యిందంటే ఆ డబ్బా ఈ పొయ్యిలోనే ఏసేస్తా. మీరే సాచ్చి."

"నాచు యాడుండాది? చెర్లన్నీ చేపలోళ్లకి ఇచ్చిరి," అన్నాడు మునెప్ప. ఆయన ఏటా సీజన్లో ఒక కుండ పాకం పోసి ఎదురుచూస్తున్నాడట. నాచు రాదు, చీమలొస్తాయి అంది కూతురు. ఈ ఏడు కుండ కూడా మంచం కిందే ఉంది. గుడ్డ తీసి చూపించాడు. నల్లటి పాకంలో రవ్వ కట్టి ఉంది.

వెళ్లేముందు ఊరికే అడిగాను, ఆ నాచుకు పువ్వులు చూశారా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పువ్వులు తెలీదమ్మా. ఎండ ఎక్కినాక నీళ్ల మింద రవ్వ చల్లినట్ల వస్తాది. ఉప్మారవ్వ మాదిరి. గాలి తోలితే ఒక పక్కకి పోతాది. మేము పిల్లోళ్లప్పుడు దోసిట్లో పట్టేవాళ్లం."

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. నేను ముప్పై ఒక్క ఏళ్లు బొమ్మ గీసి చెప్పిన మగపూలను ఈయన చిన్నప్పుడు దోసిట్లో పట్టి ఆడుకున్నాడు. నిజం చెబుతున్నాను, అసూయతో ఒళ్లు మండింది.

"అలాంటి చెరువు ఇంకెక్కడన్నా మిగిలిందా?"

కుప్పం అవతల, తమిళ ఊళ్ల వైపు, ఆయన చెల్లెలిని ఇచ్చిన ఊళ్లో ఒకటి మిగిలిందట, అంత దూరం పోయి తెచ్చే మనిషే లేడు. ఆ చెరువును ఎవరూ లీజుకు తీసుకోలేదట, చిన్నది. తనూ వస్తానని లేచాడు. మోకాళ్లు నిలబడనివ్వలేదు. "యాడికి పోతావు నాయనా, గమ్మునుండు," అని రెడ్డెమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. అప్పుడు నా నోటి నుంచి మాట వచ్చేసింది. "నేను తెస్తాను నాచు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "పీకొద్దమ్మా. కొడవలితో ఆకు మాత్రం కొయ్యి. గడ్డ బురదలోనే ఉండల్ల. పీకినామంటే మల్ల రాదు."

కుప్పం

కుప్పంలో టీ కొట్టాయన నన్ను చూసి ముందు తమిళంలో, తర్వాత కన్నడంలో, చివరికి తెలుగులో ఏం కావాలని అడిగాడు. ఏ భాషకు తల ఊపుతారో చూసి ఆ భాషకు మారతాడట. టీ పది రూపాయలు, మూడు భాషలూ ఉచితం. హేమలతకు క్లాసులున్నాయి, నేనొక్కదాన్నే వచ్చాను.

మునెప్ప చెల్లెలు లేదు, పోయి చాలా ఏళ్లయిందట. ఆమె కోడలు గోవిందమ్మ ఉంది, గొర్రెలు కాస్తుంది. చేతిలో కట్టె, నెత్తిన తువ్వాలు, నోట్లో వక్కాకు. నా సంగతంతా విని బుగ్గ నొక్కుకుంది.

"ఈ నాచు కోసరం తెనాలి నుంచి వస్తివా అక్కా? మీ కాడ లేదా?"

"ఉంది. లాగి పారేస్తాం."

"ఉండేది పారేసి లేని సోటికి వస్తివా! సరిపోయింది పో."

చెరువు నిజంగా చిన్నది. ఒక పక్క నల్లబండలు, ఇంకో పక్క ఉలవచేలు. నీళ్లు తేటగా ఉన్నాయి, నడుము లోతులో కూడా ఇసుక కనపడుతోంది. ఆ ఇసుక మీద నా రిబ్బన్లు వందలు వందలు, ఒకే వైపుకు వాలి ఉన్నాయి. కానీ ఆ రోజు గాలి. నీటి మీద అలలు తప్ప ఏమీ కనపడలేదు. పొద్దు వాలేదాకా బండ మీద కూర్చున్నాను. గోవిందమ్మ గొర్రెలు నీళ్లు తాగుతూ నన్ను అనుమానంగా చూశాయి.

ఆ రాత్రి గోవిందమ్మ ఇంట్లోనే పడుకున్నాను. సజ్జరొట్టె, చింతచిగురు పప్పు పెట్టింది. డబ్బివ్వబోతే "మునెప్ప మామ పంపిన మనిషివి, దుడ్డు తీస్కుంటే ఆయప్ప నన్ను ఊరికే ఇడుస్తాడా?" అంది. ఈ చెరువు ఎన్నిసార్లు ఎండిందని అడిగాను. "వానల్లేకుంటే ఎండిపోతాది. ఒకతూరి నాలుగైదేండ్లు సుక్క నీళ్లు లేకపాయ. దాంట్లోనే కబడ్డీ ఆడిరి. మల్ల నిండినాక నాచు దానంతట అదే వచ్చె," అంది.

అది విన్నాక నిద్ర పట్టలేదు. మా కాలవకు ఏటా నీళ్లొస్తాయి, పిలకలతోనే బతికేయొచ్చు, విత్తనం అక్కర్లేదు. ఇక్కడ ఏళ్ల తరబడి ఎండిన బురదలో నిద్రపోయి, నీళ్లొచ్చాక లేవాలంటే విత్తనమే దిక్కు. విత్తనం కావాలంటే ఆడా కావాలి, మగా కావాలి. మగపువ్వు ఈ ఎండుసీమలో ఉండి మా నీళ్లసీమలో లేకపోవడానికి కారణం ఇదేనేమో. ఇది నా ఊహే, పరీక్ష చేసి చెబుతున్నది కాదు. కానీ ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పి ఈ ప్రశ్న ఒక్కసారీ వేసుకోనందుకు సిగ్గేసింది.

మర్నాడు గాలి పడిపోయింది. తొమ్మిది దాటాక మోకాళ్ల లోతున నిలబడి చూస్తున్నాను. అడుగు నుంచి ఒక తెల్లటి చుక్క లేచింది. తర్వాత ఇంకోటి. కాసేపట్లో వందలు. పైకి రాగానే టప్పున విచ్చుకుని నీటి మీద నిలబడుతున్నాయి. మునెప్ప చెప్పింది అక్షరాలా నిజం, ఉప్మారవ్వే. ఆడపువ్వు నీటి మీద చిన్న గుంట చేసుకుని కూర్చుని ఉంది, బియ్యపుగింజంత. రవ్వ తేలుతూ వచ్చి ఆ గుంట అంచుకు చేరగానే లోపలికి జారింది. ఒకటి, రెండు, నాలుగు.

నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచాలి? నీళ్లలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. గోవిందమ్మ ఒడ్డు మీద నుంచి "ఏమాయ అక్కా, జలగ పట్టెనా?" అని అరిచింది.

బస్సులో బక్కెట్టు

నాచు కోయడం గోవిందమ్మే చేసింది. కొడవలి నీళ్లలో పెట్టి, అడుగుకు జానెడు పైన ఆకులు కోసి ఇచ్చింది. ఎక్కడ గొడవ వచ్చిందంటే, ఎలా తీసుకెళ్లాలి అన్నదాంట్లో. నేను కుప్పంలో కొత్త ప్లాస్టిక్ బక్కెట్టు మూతతో సహా కొన్నాను. నీటిమొక్క కదా, నీళ్లలో పెట్టి తీసుకెళ్లాలి. నీళ్ల మధ్య పుట్టిపెరిగిన మనిషికి ఇంకో ఆలోచన రాదు.

"నీళ్లెందుకక్కా? తడిగోనెలో సుట్టు, సాలు," అంది గోవిందమ్మ.

"ఎండిపోదూ?"

"నీళ్లలో పెడితేనే పోతాది. కుదుపుకి పిండి పిండి అయిపోతాది."

వాలిస్నేరియా గురించి నాకు చెప్పొస్తున్నావా అని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం రాజీకొచ్చాను. సగం బక్కెట్టులో, సగం ఆమె ఇచ్చిన తడిగోనెలో.

పలమనేరు రోడ్డు మలుపుల్లో మొదటి మలుపుకే బక్కెట్టు మూత లేచింది. బైరెడ్డిపల్లె దగ్గర ఎక్కిన పెద్దమనిషి రాగిపిండి సంచీ మీదికి చెంబెడు నీళ్లు పోయాయి. "ఏమ్మా, పిండి ఈడనే పిసికి సంగటి చేద్దామనా?" అన్నాడాయన. బస్సంతా నవ్వింది. కండక్టరు బక్కెట్టుకు కూడా టికెట్ కొట్టాడు. పుంగనూరులో దిగి మూత తీస్తే ఆకులు చిరిగి, నీళ్లు పచ్చగా మారి, వాసన వస్తోంది. గోనె విప్పితే లోపల నాచు చల్లగా, అప్పుడే కోసినట్టు ఉంది. బక్కెట్టు నాచును బస్టాండు వెనక పారబోసి, బక్కెట్టును అక్కడ పూలమ్మే ఆమెకు ఇచ్చేశాను.

గానుగ దగ్గరికి వెళ్లేసరికి ఇంకా పొద్దుంది. మునెప్ప గోనెలో చెయ్యి పెట్టి, నాచును వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.   గంపలో గుడ్డ పరిచి, కుండలోని రవ్వపాకం తనే ఒంపాడు. పైన నాచు పరిచాడు, మెల్లగా, నిద్రపోతున్న బిడ్డకు దుప్పటి కప్పినట్టు. రెడ్డెమ్మ దూరం నుంచి చూసి, "మూడు దినాలు సూస్తా," అంది.

మళ్లీ పుంగనూరు

ఆ మూడు రోజులూ మదనపల్లెలో హేమలత గదిలో ఉన్నాను. ఆ పిల్ల తన క్లాసులో నన్ను మాట్లాడమంది. మాట్లాడాను. ముందు నా అబద్ధం చెప్పి, తర్వాత నేను చూసింది చెప్పాను. వెనక బెంచీలో ఒకడు "వీడియో తీయలేదా మేడం?" అన్నాడు. తీయలేదు. తట్టనే లేదు.

నాలుగో రోజు పొద్దున హేమలతతో గానుగకు వెళ్లాను. పెనం ఉడుకుతోంది, మధ్యాహ్నానికి లోడు వెళ్లాలట. మునెప్ప గంప పక్కనే కూర్చుని ఉన్నాడు, మా కోసం ఆగాడు. గంప కింది కుండలో నల్లటి మడ్డి సగానికి వచ్చింది.

"ఎత్తు నాయనా, నాకు పనుండాది," అంది రెడ్డెమ్మ. 

ఆయన రెండు చేతులతో నాచు ఎత్తాడు.  కింద తెల్లగా ఉంది. షాపులో చక్కెరంత కాదు, కానీ తెలుపే. రెడ్డెమ్మ వంగి చిటికెడు తీసుకుని, అరచేతిలో రాసి, వెలుతురుకు పట్టి చూసింది. నోట్లో వేసుకుంది.

"తెల్లగానే ఉండాది నాయనా," అంది. మాట మీద నిలబడే మనిషి. లేచి నేరుగా పొయ్యి దగ్గరికి పోయి పొడిడబ్బా చేతిలోకి తీసుకుంది.

"నిల్సుకో," అన్నాడు మునెప్ప.

ఆయన వేలు గంపలోకి గుచ్చాడు. వేలి కణుపు దాకా తెలుపు. దాని కింద పసుపు, ఇంకా కింద పాత నలుపే. వేలు బయటికి తీసి చూశాడు.

"మూడు దినాలకి కణుపంత," అన్నాడు. "అడుగు దాకా పోవాలంటే పన్నెండు దినాలు కావల్ల. అదీ నాచు మార్చి మార్చి. ఒక్క గంపకి." కూతురి వైపు తిరిగాడు. "దినానికి నువ్వు ఎన్ని పెనాలు దించుతావు?"

"నాలుగు."

"మా నాయన సీజనుకి నాలుగు గంపలు చేసేటోడు. దొరల ఇండ్లకి పోయేది. మాకు మడ్డి మిగిలేది." వేలికంటిన మడ్డి తుడుచుకున్నాడు. "తెల్లగా ఉండేది గుర్తుండాది గానీ రెడ్డీ, ఎన్ని దినాలు పట్టేదో మర్సిపోయినా. రెండేండ్లు నిన్ను ఊరికే అంటి."

"ఊరికే యాడంటివి? తెల్లగా అయ్యింది కదా!" రెడ్డెమ్మ అరిచినట్టే అంది. "నువ్వు చెప్పింది నిజమే కదా!"

"నిజమే. దాంతో నీ లోడు నిండదు."

పెనంలో పాకం దగ్గరపడింది. ఇంకొంచెం ఆగితే మాడుతుంది. రెడ్డెమ్మ డబ్బా పట్టుకుని పెనం వైపూ తండ్రి వైపూ చూస్తోంది. హేమలత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎయ్యి తల్లీ," అన్నాడు మునెప్ప.

ఆమె వేసింది. గరిటెతో తిప్పింది. కూలీలిద్దరు పెనం దించి చెక్కతొట్టిలో ఒంపారు. బెల్లం ఆరుతూ రంగు తేలుతుంటే మునెప్ప గోడ పట్టుకుని లేచి, మోకాళ్లు ఈడ్చుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చి, చెయ్యి చాపాడు.

"దీంట్లో పొడి ఏసినా నాయనా."

"సూసినాలే. పెట్టు."

రెడ్డెమ్మ ఒక చిన్న ముద్ద తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన ఊది, నోట్లో వేసుకున్నాడు. ఆమె మొహం ఒక్కసారిగా మారిపోయింది. "వద్దు నాయనా, ఉమ్మెయ్. నా మాట విను, ఉమ్మెయ్," అంటూ ఆయన గడ్డం కింద దోసిలి పట్టింది. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి.

ఆయన ఉమ్మలేదు. తీరిగ్గా నమిలి మింగాడు.

"పాకం బాగ పట్టినావు," అన్నాడు. "సరైన పొద్దులో దించినావు."

రెడ్డెమ్మ దోసిలి అలాగే పట్టుకుని నిలబడిపోయింది.